కలియుగ భీముని మానవజన్మ

ఉద్దానపు కొబ్బరితోటల నడుమ నిలిచి పడమటి దిక్కుకు చూచేవారికి మహేంద్రగిరి కనిపిస్తుంది. వాన వెలిసిన మరునాటి ఉదయాన మందస, సోంపేట పరిసరాలలో ఆ కొండ చేతికందేటంత దగ్గరగా ఉన్నట్లుంటుంది. పరశురాముడు తపస్సు చేసిన చోటని పురాణప్రసిద్ధి. సుమారు 1500 మీటర్ల ఎత్తుగల ఆ పర్వతంపై ప్రాచీనమైన రాతిగుడులు కొన్ని ఉన్నవి. వానికి జనం కుంతిగుడి, ధర్మరాజుగుడి, భీమునిగుడి అని పేర్లు పెట్టుకొన్నారు. భీమునిగుడి చిన్నదే గాని దానికి వాడిన బండలు పెద్దవి. వానిని తొలిచినవారి పేర్లు గాని, ఒకదానిపై ఒకటి పేర్చిన కూలీల పేర్లు గాని చరిత్రకెక్కలేదు. అంత ఎత్తున, అంతటి బండలను ఎత్తి పేర్చడం మనుష్యమాత్రుల పని కాదనుకొన్నారు గాబోలు, ఆ యశస్సంతా పాండవ మధ్యమునికి దఖలు పరచారు. మనుష్యులు చెమటోడ్చి చేసిన పని మన ఊహకు మించినదైతే చాలు, దానిని మనుష్యుల ఖాతాలోనుండి తీసి దేవతల ఖాతాలో జమకట్టడం మనకు చిరకాలపు అలవాటు.

ఆ అలవాటు రాళ్ళతోనే ఆగలేదు. ఈ ప్రాంతంలో పుట్టి, రెక్కలను, రొమ్మును, ఊపిరిని నమ్ముకొని ప్రపంచాన్ని మెప్పించిన ఒక మనిషిని కూడా మనం ఇట్లే దేవతల ఖాతాకు మార్చివేశాము. ఆయనే కోడి రామమూర్తి నాయుడుగారు. కలియుగ భీముడన్న బిరుదు వింటే పేరు చెప్పకుండానే పోల్చుకోగలవారు నేటికీ ఉన్నారు. బిరుదు కింద ఉన్న మనిషిని పోల్చుకోగలవారు మాత్రం తక్కువ.

పలాస, టెక్కలి ప్రాంతాల పల్లెలలో బలానికి ఒక కొలబద్ద ఉంది. దానిని సంగిడి అంటారు. బరువైన రాయి, పట్టుకొని ఎత్తడానికి వీలుగా మలచినది. సంక్రాంతి పండుగనాడో, గ్రామదేవత సంబరాలలోనో కుర్రకారు వంతులవారీగా వచ్చి దానిని భుజం మీదికి, భుజం మీదనుండి తలపైకి ఎత్తుతారు. నిరుడు మోకాలి వరకు తెచ్చినవాడు ఏడాదంతా శ్రమించి ఈ ఏడు రొమ్ము వరకు తెస్తాడు. ఊరంతా అతనిని చూస్తూనే ఉంటుంది గనుక అతని బలం ఎక్కడిదో ఎవరికీ సందేహం రాదు. సంగిడి ఎత్తినవానిని మెచ్చుకొంటారే గాని దేవుని అంశ అనరు. కోడి రామమూర్తిగారి జీవితం ఈ సంగిడి సంప్రదాయంలోనిది. అయితే ఆయన ఎత్తిన బరువులు ఊరి పొలిమేర దాటిపోయినవి. ఆయన అభ్యాసాన్ని ఏళ్ళ తరబడి చూచే అవకాశం లేని జనం ముందు ఆయన నిలువవలసి వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలయింది.

టెక్కలినుండి పడమరగా వంశధార దాటి, పాలకొండ మీదుగా పోతే వీరఘట్టం వస్తుంది. 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చాలాకాలం ఉండి, 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఊరు అది. అక్కడ 1880ల తొలి సంవత్సరాలలో కోడి వెంకన్న నాయుడుగారి కుమారుడుగా రామమూర్తి జన్మించారు. తల్లి చిన్ననాడే గతించింది. చదువుమీద కంటె సాముగరిడీల మీద మనసు ఎక్కువగా ఉండిన ఆ పిల్లవానిని తండ్రి విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామిగారి ఇంటికి పంపారు. ఆయన పోలీసు ఉద్యోగి. పోలీసు ఇంట ఉంటే పిల్లవాడు దారికి వస్తాడని తండ్రి ఆశించి ఉంటారు. వచ్చాడు కూడా, కాని తండ్రి అనుకొన్న దారికి కాదు. విజయనగరం ఆనాడు సంగీత సాహిత్యాలకే గాక కుస్తీకి, సాముకు కూడా ఆటపట్టు. తాలింఖానా గోదాలో ఆ కుర్రవాడు తన బడిని తాను వెదకుకొన్నాడు.

ఇరువది ఒకటవ ఏట ఒకటిన్నర టన్నుల బరువు రొమ్ముపై నిలుపుకొన్నారనీ, అటుతరువాత అది మూడు టన్నులకు పెరిగిందనీ ఆయన చరిత్రకారులు వ్రాస్తారు. ఈ రెండు అంకెలలో రెండవదానిని తలచుకొని జనం అబ్బురపడతారు. నాకు మాత్రం రెండింటి నడుమ గడచిన కాలమే ముఖ్యమని తోస్తుంది. దేవుని అంశతో పుట్టినవానికి ఒకటిన్నర మూడు కావడానికి సంవత్సరాలు అక్కరలేదు. ఆ నడిమి సంవత్సరాల దండీలు, బస్కీలు, ప్రాణాయామం, ఆహారనియమం గురించి కథలు లేవు. కథకు పనికివచ్చేటంత వింత వానిలో లేదు మరి.

మదరాసు వెళ్ళి సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది వచ్చి, తాను చదివిన విజయనగరం హైస్కూలులోనే డ్రిల్లు మాస్టరుగా చేరారు. ఈ విషయాన్ని చాలామంది ఒక్క వాక్యంలో దాటవేస్తారు. నా బోటి ఉపాధ్యాయునికి అది దాటరాని వాక్యం. భీముడు డ్రిల్లు మాస్టరు ఉద్యోగం చేసినట్లు ఏ పర్వంలోను లేదు. బలం నేర్పదగిన విద్య అని, దానికి పాఠక్రమం ఉన్నదని, నిన్న చేతకానిది నేడు చేతనవుతుందని నమ్మినవాడే ఆ ఉద్యోగానికి పోతాడు. ఉత్తరదేశంలో ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అనే పిలిచేవారు. సర్కసులవారు ఆ కాలంలో అట్టి పట్టాలను తమకు తాము ఇచ్చుకొనే మాట నిజమే. కాని ఆయన విషయంలో ఆ పట్టా అంత అన్యాయం కాదు.

ఆ కాలం ఎట్టిదో కొంచెం గుర్తు చేసుకొనవలె. భారతీయులు, అందులోను హిందువులు దుర్బలులని, వారిని బలవంతులైన దొరలు ఏలడం ప్రకృతిధర్మమని తెల్లవారు వ్రాసిన పుస్తకాలు మన బడులలోనే పాఠ్యగ్రంథాలుగా ఉండేవి. ప్రష్యాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన యూజెన్ శాండో అనే మల్లుడు 1901లో ఆల్బర్ట్ హాలులో దేహసౌష్ఠవ పోటీ నడిపి, 1904, 1905 సంవత్సరాల ప్రాంతంలో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు. చేతులు లేని బనియనును శాండో బనియను అని ఈనాటికీ మనం పిలుస్తున్నామంటే ఆతని పేరు ఎంత లోతుగా పాకిందో ఊహించవచ్చు. ఆతడు వ్యాపారవేత్త కూడా. స్ప్రింగు డంబెల్సును అమ్మి ధనం గడించాడు. ఇంతలో వంగదేశ విభజన, వందేమాతరోద్యమం వచ్చినవి. పరాయివాని బలానికి జవాబు చెప్పగల స్వదేశీ దేహం ఒకటి కావలెనని దేశం తహతహలాడుతున్న ఆ ఘడియలో రామమూర్తిగారు రంగస్థలం మీదికి వచ్చారు.

పొట్టి పంతులు అనే మిత్రుని ప్రోత్సాహంతో సొంత సర్కసు ఆరంభించారు. సర్కసు మనకు మరీ పాతది కాదు. విష్ణుపంత్ ఛత్రే అనే మహారాష్ట్రుడు 1880లో బొంబాయిలో తొలి భారతీయ సర్కసు డేరా వేశాడు. రామమూర్తిగారి డేరాలో ఏనుగులు, గుర్రాలు ఎన్ని ఉన్నా జనం వచ్చేది మాత్రం యజమానిని చూడడానికి. రొమ్ముకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచడం, కదలబోయే మోటారుకార్లను ఆపడం, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనడం ఆయన ప్రదర్శనలలో పేరెన్నిక గన్నవి. వైస్రాయి మింటో ప్రభువు కారును విశాఖపట్నంలో కదలకుండా పట్టినారని, లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొన్నారని, స్పెయినులో కోడెను కొమ్ములు పట్టి పడవేశారని కథలు ప్రచారంలో ఉన్నవి. కలియుగ భీముడు, మల్లమార్తాండుడు, ఇండియన్ శాండో మొదలైన బిరుదులు ఊరూరా లభించినవి. బిరుదుల జాబితా వ్రాయడంలో మన జీవితచరిత్రకారులకు ఉండే ఉత్సాహం నాకు లేదు గనుక ఇంతటితో ఆపుతున్నాను.

ఏనుగు విషయం మాత్రం విడువరాదు. ఆడ ఏనుగు బరువు రెండున్నర మూడు టన్నులు ఉంటుంది. నేలపై వెల్లకిల పరుండిన మనిషి రొమ్ముపై గట్టి చెక్కబల్ల పరచి, దానిమీదికి ఏనుగును ఎక్కిస్తారు. బల్ల ఉన్నందువల్ల ఏనుగు పాదం ఒకేచోట గుచ్చుకొనకుండా బరువు నలుదిక్కులకు పంచబడుతుంది. ఊపిరి నిండుగా పీల్చి, గొంతు బిగించి, ఆ గాలిని లోపలే నిలిపితే రొమ్ముగూడు గాలి నింపిన తోలుతిత్తివలె గట్టిపడుతుంది. దీనినే ఆయన వాయుస్తంభన అనేవారు. ఆ కొన్ని క్షణాలు ప్రక్కటెముకలకు ఊపిరే దన్ను. ఊపిరి జారితే ఎముకలు జారుతవి. రెండు ప్రక్కలకు లాగే రెండు కార్లను పట్టినపుడు ఒకదాని లాగుడును మరొకదాని లాగుడు సరిపెడుతుంది, నిజమే. కాని ఆ లాగుడంతా ఒక మనిషి భుజసంధుల గుండా పోవలెను, ఆ సంధులు ఊడకుండా నిలువవలెను. ఈ కిటుకులు చెప్పడం వల్ల ఆయన ఘనత తగ్గుతుందని కొందరు నొచ్చుకొంటారు. నా అభిప్రాయం దీనికి విరుద్ధం. కిటుకు తెలిసిన తరువాత కూడా మనలో ఎవ్వరమూ ఆ బల్లకింద పడుకొనము. అసూయాపరులు బల్లను మార్చివేసినందువల్ల ఒకసారి ఆయన ప్రక్కటెముకలు విరిగినవన్న కథ వాడుకలో ఉన్నది. ఆయనను అతిమానుషునిగా చూపడానికి చెప్పే కథలలో ఇదీ ఒకటి. కాని అది చెప్పేదేమిటి? బల్ల నాసిరకమైతే భీమునికి కూడా ఎముకలు విరుగుతవని!

బలం నేర్పదగినదన్న మాటకు సాక్ష్యం కలకత్తాలో ఉన్నది. భవేంద్రమోహన సాహా అనే వంగ యువకుడు, 1890లో జన్మించినవాడు, రామమూర్తిగారి సర్కసు కలకత్తా వెళ్ళినపుడు ఆయన ప్రదర్శన చూచి ముగ్ధుడై ఆ డేరాలో చేరాడు. సర్కసుతో రంగూను మొదలైన తూర్పుదేశాలు తిరిగి, ఏనుగు ప్రదర్శనను తానూ సాధించి, భీమ భవాని అన్న పేరుతో ప్రఖ్యాతుడై, 1922లో చిన్న వయస్సులోనే గతించాడు. గురువును భీముడన్నారు, శిష్యుని కూడా భీముడే అన్నారు. గురువు శిష్యునికి నేర్పిన విద్య ఏదో ఒకటి ఉండితీరవలెనన్న ఆలోచన ఆ పేరు పెట్టినవారికి కలగలేదు.

విజయనగరంనుండి కలకత్తాకు రైలుమార్గం నౌపడ, పలాసల మీదుగానే పోతుంది. రంగూను సంగతి వచ్చింది గనుక ఈ తీరంవారికి దానితో గల చుట్టరికాన్ని కూడా తలచుకొనవలె. ఆ రోజులలో కళింగపట్నం, బారువ రేవులలో స్టీమర్లెక్కి మన ప్రాంతంవారు వేలకువేలుగా రంగూను వెళ్ళేవారు. అక్కడి బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను బస్తాలు మోసిన వీపులలో అధికభాగం తెలుగు వీపులే. రంగూనులో రామమూర్తిగారి డేరా పడినపుడు చవక టికెట్టు కొని వెనుక బల్లలమీద కూర్చున్నవారిలో ఇటు ఇచ్ఛాపురంనుండి అటు భీమునిపట్నం దాకా ఉన్న పల్లెలవారు ఉండకపోరు. పగలంతా మూపు మీద బస్తాలు మోసిన మనిషి, రాత్రి తన మాటే మాట్లాడే ఒక మనిషి ఏనుగును మోయడం చూచి ఏమనుకొని ఉంటాడు? ఆ పల్లెవానికి మోత అంటే ఏమిటో తెలుసు. చక్రవర్తి చప్పట్లకంటె అతని చప్పట్లకు విలువ ఎక్కువని నేను నమ్ముతాను.

రామమూర్తిగారు వీరఘట్టంలో పసివాడుగా ఉన్న కాలంలోనే, 1883లో, జర్మన్ దేశపు తాత్త్వికుడు నీషే తన జరథుష్ట్ర గ్రంథపు మొదటి భాగాన్ని ప్రకటించాడు. అతిమానవుడన్న భావానికి ఆధునిక యుగంలో అంకురార్పణ చేసినది ఆ గ్రంథమే. దాని ఉపోద్ఘాతంలో ఒక ఘట్టం ఉన్నది. కొండ దిగివచ్చిన జరథుష్ట్రుడు ఒక పట్టణపు సంతలో నిలిచి మనిషి తన్ను తాను దాటి ఎదగవలెనని బోధిస్తాడు. ఆనాడు ఆ సంతకు జనం చేరినది బోధ వినడానికి కాదు, మోకుపై నడిచే ఒక గారడీవానిని చూడడానికి. అందువల్ల వారు జరథుష్ట్రుని మాటలు ఆ గారడీవానిని గురించే అనుకొని, ఇక చాలు, ఆటగాడిని చూపించుమని కేకలు వేస్తారు. ఆటగాడు మోకు ఎక్కుతాడు, నడుమ జారి పడి ప్రాణం విడుస్తాడు. తన పనిలోని అపాయాన్నే బ్రతుకుదెరువుగా చేసుకొన్న ఆ మనిషిని జరథుష్ట్రుడు గౌరవించి, శవాన్ని స్వయంగా భుజాన వేసుకొని తీసుకొనిపోతాడు.

మన కథకు ఇంతకంటె దగ్గరి తాత్పర్యం మరొకటి దొరకదు. నీషే అడిగినది కండలను కాదు. తనలోని దౌర్బల్యాన్ని, గుంపు ఇచ్చిన విలువలను జయించి కొత్త విలువలు సృష్టించగల మనస్సును. ఆ తాత్త్వికుడే జీవితమంతా తలనొప్పులతో, మందదృష్టితో బాధపడి, 1889లో మతి చెడి, 1900లో మరణించిన రోగి. తరువాతి కాలంలో నాజీలు ఆతని మాటను జాతిగర్వానికి వాడుకొని ఎంత ఘోరం చేశారో లోకానికి తెలిసినదే. మన దేశంలో శ్రీ అరవిందులు 1914నుండి వెలువరించిన ఆర్య పత్రికలో ఈ భావాన్నే చర్చకు తీసుకొని, అహంకారాన్ని పెంచే అతిమానవుడు అసురుడే కాగలడని, మానవచైతన్యం దివ్యచైతన్యంగా పరిణమించడమే నిజమైన అతిమానవత అని నిరూపింపబూనారు. 1948లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కట్టమంచివారి పేరిట నెలకొన్న జాతీయ బహుమానాన్ని వారికి సమర్పించింది.

ఇద్దరి మార్గాలు వేరైనా ఒక్క విషయంలో కలుస్తవి: అతిమానవత ఇద్దరి దృష్టిలోను సాధించవలసినది, దానంగా దొరికేది కాదు. జనసామాన్యం కల్పించుకొన్న అతిమానుషుల సంగతి అట్లా కాదు. 1938లో అమెరికాలో ఇద్దరు యువకులు, సీగెల్, షూస్టర్ అనేవారు, బొమ్మల పత్రికలో సూపర్‌మాన్‌ను సృష్టించారు. ఆతని బిగుతు దుస్తులు, పైన తొడిగిన చెడ్డీ సర్కసు మల్లుల వేషంనుండి తెచ్చినవే. బలం మాత్రం ఆతడు పుట్టిన మరో గ్రహంనుండి వచ్చినది. వేషం మల్లునిది, సాధన మాత్రం లేదు. మన తెలుగు తెరపై 1980లో రామారావుగారు సూపర్‌మాన్‌గా అవతరించినపుడు ఆ బలం ఆంజనేయుని అనుగ్రహం. 2024లో విడుదలైన హనుమాన్ చిత్రంలో అది ఒక మణి మహిమ. హైదరాబాదులో తయారై 2008నుండి దేశమంతటి పిల్లలనూ అలరిస్తున్న ఛోటా భీమ్‌కు లడ్డు తింటే బలం వస్తుంది. లడ్డు తిని భీముడు కావచ్చునంటే దండీలు తీసే పిల్లవాడు ఎవడుంటాడు? ఇది మాత్రం నేటి వింత కాదు. అసలు భీమునికే వాయుదేవుడు తండ్రి. అదిగాక నాగలోకంలో రసపానం చేసి వేల ఏనుగుల బలం పొందాడు. మన ప్రజలు రామమూర్తిగారికి ఈ పేరు పెట్టినది ప్రేమతోనే. ఆ ప్రేమ ఆయన చేతిలోని డ్రిల్లు మాస్టరు బెత్తాన్ని తీసివేసి గదను పెట్టింది. గదాధారికి నమస్కరించి ఇంటికి పోవచ్చు. డ్రిల్లు మాస్టరు ఎదుట చొక్కా విప్పి నిలుచోవలసి ఉంటుంది.

ఆయన సంపాదన పెద్దది, చేయి ఇంకా పెద్దది. సర్కసులో గడించినదంతా దానధర్మాలకు, దేశకార్యాలకు కరిగిపోయిందని ప్రతీతి. చివరి దశలో ఆర్థికంగా చితికిన ఆ మనిషిని ఒరిస్సా సంస్థానాలలో బలంగీర్ పట్నా ప్రాంతం చేరదీసింది. అక్కడ ఉండగానే కాలిమీద రాచపుండు లేచింది. ఏనుగు ఏమీ చేయలేని దేహాన్ని ఒక పుండు పడగొట్టింది. కాలు తీసివేయవలెనని వైద్యులు నిర్ణయించారు. క్లోరోఫారం తీసుకొనడానికి ఆయన ఒప్పుకొనలేదని, ప్రాణాయామంతో ఊపిరి నిలిపి శస్త్రచికిత్స చేయించుకొన్నారని ఆయన చరిత్రలు ఏకగ్రీవంగా చెబుతున్నవి. ఆయన ప్రదర్శనలన్నిటిలోను నాకు గొప్పగా కనిపించేది ఇదే. దీనికి డేరా లేదు, టికెట్టు లేదు, చూడవచ్చిన చక్రవర్తి లేడు. ఏనుగు కింద రొమ్మును నిలిపిన ఊపిరే కత్తి కింద మనస్సును నిలిపింది. నీషే కోరిన ఆత్మజయానికి ఏదైనా ఉదాహరణ చూపవలసి వస్తే మోటారుకారును వదలి ఈ శస్త్రచికిత్స బల్లనే చూపుతాను.

కలియుగ భీముడు ఒంటికాలిమీద మిగిలిన రోజులను గురించి మన వ్యాసాలలో రెండు పంక్తులకు మించి ఉండవు. అతిమానుషునికి రోగం రావడం కథకు చెరుపు గదా! ఉద్దానంలో నివసించేవారికి ఈ మౌనం ఎంత ప్రమాదకరమో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఇక్కడ సంగిడి ఎత్తిన చేతులు, నిలువెత్తు కొబ్బరిచెట్లను నిమిషంలో ఎక్కిన కాళ్ళు నలుబది ఏళ్ళకే మూత్రపిండాల వ్యాధితో నీరసించిపోవడం రెండు మూడు దశాబ్దాలుగా చూస్తున్నాము. వ్యాధికి మూలకారణం ఇదేనని శాస్త్రజ్ఞులు నిర్ధారించలేకపోయినారు. 2023 డిసెంబరులో పలాసలో ఇందుకోసమే పెద్ద ఆసుపత్రి, పరిశోధనకేంద్రం ప్రారంభమయినవి. గట్టి మనిషికి పరీక్షలెందుకని ఆసుపత్రి గడప తొక్కక, తొక్కేసరికి ఆలస్యమైపోయిన కుటుంబాలు ఈ తీరంలో అనేకం. గట్టి దేహం వేరు, మినహాయింపు పొందిన దేహం వేరు. రామమూర్తిగారి కాలును గురించి మన పిల్లలకు చెప్పి ఉంటే కొంత ఉపయోగం ఉండేదేమో.

ఆయన మరణానికి రెండేళ్ళ ముందు, 1940 మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. తరువాత కొలది రోజులకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలో అడవి కలప విషయమై రేగిన తగవులో రైతులను పట్టుకొనపోతున్న పోలీసులకు గుడారి రాజమణిపురంలో సాసుమాన గున్నమ్మ ఎదురు నిలిచింది. ఆమె నిండు గర్భిణి. తుపాకి గుళ్ళకు ప్రాణాలర్పించింది. ఆమె ఏ తాలింఖానాకూ పోలేదు. జనం ఆమె పేరుకు ముందు వీర అన్న ఒక్క మాట చేర్చి వీరగున్నమ్మ అన్నారు. పురాణంలోనుండి పేరు అరువు తేలేదు. సాటి రైతుబిడ్డ ధైర్యం ఎక్కడిదో వారికి తెలుసు గనుక ఆ అవసరం కలుగలేదు కాబోలు.

1942 జనవరిలో బలంగీర్‌లోనే రామమూర్తిగారు కన్నుమూశారు. స్వదేశపు మట్టి ఆయనకు దక్కలేదు. అటుతరువాత శ్రీకాకుళంలో క్రీడాప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం సముద్రతీరంలో విగ్రహం నిలిపారు. విగ్రహం ఎదుట నిలిచి పిల్లలు కండలు చూపిస్తూ ఫొటోలు తీయించుకొంటారు. ప్రాంగణంలో మాత్రం తెల్లవారుజామున సైన్యంలోను, పోలీసుశాఖలోను చేరగోరే కుర్రవాళ్ళు చేతి గడియారం చూచుకొంటూ పరుగులు తీస్తుంటారు. ఇద్దరిలో ఆయనకు ఎవరు దగ్గరో నేను చెప్పనక్కరలేదు.

శ్రీకాకుళం చెంత ఆముదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేటలో పెరిగిన ఒక బాలిక బరువులెత్తడం నేర్చి, 2000 సెప్టెంబరులో సిడ్నీ నగరంలో జరిగిన ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో నిలిచింది. కరణం మల్లీశ్వరి ఆనాడు ఎత్తినది మొదటి విధానంలో 110 కిలోలు, రెండవ విధానంలో 130 కిలోలు, వెరసి 240 కిలోలు. మరొక్క ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తబోయి విఫలురాలై కంచు పతకంతో సరిపెట్టుకొన్నది. ఒలింపిక్స్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఎత్తినవీ, ఎత్తలేనిదీ, కిలోలతో సహా ఆ క్రీడల పట్టికలో ప్రక్కప్రక్కనే అచ్చయి ఉన్నవి.